అయిదు పేజీల సముద్రం

హోసూరు,
ఆదివారం.

సౌభాగ్యవతి పవిత్రకు నీ బావ తిలక్ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ హోసూరులో నేను, ఊళ్ళో అమ్మా నాన్నా, తోట, రెండు ఆవులు, నువ్వు పేరు పెట్టి వెళ్ళిన ఆ కుంటి కుక్క, అందరం బాగున్నాం. సముద్రాన్ని కొలిచే ఓడ మీద, నేల కనబడని చోట ఉన్న నువ్వు మాకంటే బాగుండాలని కోరుకుంటున్నాం. ఉత్తరం మొదట్లో దీవెనలు రాయమని అమ్మ ప్రతిసారీ గుర్తు చేస్తుంది. మేనమామ కూతుర్ని, చిన్నప్పుడు నా పలక పగలగొట్టి నవ్విన దాన్ని, ఏ మొహం పెట్టుకుని దీవించాలో నాకు తెలియదు. అందుకని అమ్మ దీవెనలు అమ్మవిగానే పంపుతున్నాను, తీసుకో.

నీ మెయిల్ గురువారం వచ్చింది. షిఫ్టు అయ్యాక బస్టాండు పక్క జిరాక్స్ షాపులో ఎప్పటిలాగే అచ్చు తీయించుకున్నాను. ఫోన్‌లో చదివితే అక్కడితో అయిపోతుంది. కాగితమైతే మడిచి జేబులో పెట్టుకోవచ్చు, శనివారం ఊరికి తీసుకెళ్ళి అమ్మా నాన్నలకు చదివి వినిపించవచ్చు. షాపతను నన్ను చూడగానే "ఈ తూరి ఎన్ని పేజీలు సార్?" అని అడుగుతున్నాడు. రెండే అన్నాను. అతను కూడా కాస్త చిన్నబుచ్చుకున్నట్టే కనిపించాడు.

మొదట్లో మనం ఫోన్ చేసుకునేవాళ్ళం, గుర్తుందా? నీ మాట నాకు చేరేలోపల నేను ఇంకో మాట మొదలుపెట్టేవాణ్ణి. ఇద్దరం ఒకేసారి ఆగి, ఒకేసారి "నువ్వు చెప్పు" అనేవాళ్ళం. అంతలో లైను పోయేది. ఉత్తరాలే నయమని నువ్వే అన్నావు. వేప్పనపల్లి తెలుగు బడిలో మనిద్దరి చేతా అక్షరాలు దిద్దించిన టీచరమ్మ పుణ్యం ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. అందులో ఒక పెద్ద ప్రశ్న ఉందని తెలుసు. ఆఫ్రికా పక్క ఆ దీవిలో ఉద్యోగం సంగతి. శుక్రవారం లోపల నువ్వు వాళ్ళకు అవునో కాదో చెప్పాలి. సముద్రం ఎందుకు కాగుతోందో, తుఫాను ఎలా పుడుతుందో, ఎప్పుడు జాగ్రత్త పడాలో అక్కడి జాలర్లకూ బడిపిల్లలకూ చెప్పే పని, రెండేళ్ళు. ఉగాది అయ్యాక మొదటిసారి ఆ పని గురించి రాసినప్పుడు నీ వాక్యాలు పరుగులు పెట్టాయి. ఈ ఉత్తరంలో మాత్రం, "వద్దని చెప్పేస్తాను బావా. కట్టుకున్నవాడికే ఇన్ని నెలలుగా అర్థమయ్యేలా చెప్పలేకపోయాను, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు నేనేం చెబుతాను? ఓడ ఒడ్డు చేరగానే వచ్చేస్తాను. నువ్వేమంటావు?" అని రాశావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు చిన్నవాటిని తేల్చనీ. పెద్దదాని దాకా వెళ్ళడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి.

అమ్మ మోకాలు గురించి అడిగావు. కృష్ణగిరి డాక్టరు ఇచ్చిన మాత్రలు పదిరోజులు మింగి, తర్వాత తనంతట తానే మానేసింది. ఆవనూనెలో కర్పూరం వేసి రుద్దుకుంటోంది. నడవగలుగుతుంది, బరువు మోయలేదు, కింద కూర్చుంటే లేవలేదు. అడిగితే మాత్రం "నా కాలికేమొచ్చింది?" అని మన మీదే కసురుకుంటుంది.

తోటలో బెంగుళూరా మామిడికాయ కోత మొదలైంది. వేప్పనపల్లి రోడ్డంతా గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లే. పూత మీద ఉన్నప్పుడు మంచు పడి కొంత మాడిపోయినా, మిగిలిన కాయ బాగానే ఊరింది. బావి పక్క చెట్టు కాయలు మాత్రం నాన్న కోయనివ్వడం లేదు. అవి నీ ఊరగాయకట. పవిత్ర వచ్చేదాకా అవి చెట్టు మీద ఉండవు నాన్నా అని చెప్పాను. "ఉండకుంటే రాలిపోతాయిలే. నేనైతే కొయ్యను" అన్నాడు. నాన్నతో వాదించి గెలిచినవాళ్ళు మన ఇంట్లో లేరు.

వంట చేసుకుంటున్నావా, బయట తింటున్నావా అని అడిగావు. చేసుకుంటున్నాను. రెండు గ్లాసుల బియ్యం పోసే అలవాటు మాత్రం పోలేదు. ఒక గ్లాసు తీసి డబ్బాలో పోసేద్దామని ప్రతిరోజూ అనుకుంటాను, చెయ్యి మళ్ళీ రెండే పోస్తుంది. మిగిలిన అన్నం పొద్దున చిత్రాన్నం చేసి ఫ్యాక్టరీకి పట్టుకుపోతున్నాను. నాతోపాటు కొలిమి దగ్గర పనిచేసే మారియప్ప నా డబ్బా మూత తీయకముందే "చిత్రాన్నమే కద సార్" అంటున్నాడు. కిటికీ మీద కందిరీగల గూడు తీయించావా అన్నావు. తీయించలేదు. గదిలో నాతోపాటు అవన్నా ఉంటాయి. ఓనరమ్మ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "మేడమ్ ఎప్ప వరువాంగ?" అని అరవంలో అడుగుతుంది. ఎప్పుడొస్తారో తెలియదని చెప్పడం ఇష్టంలేక మొన్నటిదాకా మోటారు గురించో నీళ్ళ గురించో మాట మార్చేస్తూ వచ్చాను.

ఆదివారాలు ఏం చేస్తున్నావు అని అడిగావు. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. ఊరి నుంచి మధ్యాహ్నానికి తిరిగొచ్చి, సాయంత్రం నడుచుకుంటూ బస్టాండుకు పోతున్నాను. ఎక్కాల్సిన బస్సేమీ ఉండదు. నువ్వు బెంగుళూరులో చదివే రోజుల్లో శనివారం సాయంత్రం ఏ ప్లాట్‌ఫారం దగ్గర దిగేదానివో ఆ సిమెంటు బల్ల మీద కూర్చుంటాను. బస్సు వస్తుంది, జనం దిగుతారు, సంచులు వెతుక్కుంటారు, షేర్ ఆటోల వైపు పరుగెత్తుతారు. ఇంకో బస్సు వస్తుంది. టీ తాగి ఇంటికి వస్తాను. అంతే.

నాన్న సంగతి ఒకటి చెప్పాలి. నువ్వు ప్రతి ఉత్తరంలో అక్కడి నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో రాస్తావు కదా, అది ముందు చదవమంటాడు. ఆఫ్రికా పక్కన నీళ్ళు ఇరవై ఆరు దాటి, ఆ వేడి లోతుగా కూడా దిగితే, అక్కడ పుట్టే తుఫానుకు తిండి దొరికినట్టేనని, వాటినే హరికేన్లంటారని నువ్వు రాసిన రోజు నుంచి ఇదే వరస. పోయిన నెల ఇరవై ఎనిమిది, సముద్రానికి ఇది జ్వరమే అని నువ్వు రాసింది చదివాను. "ఇరవై ఎనిమిదంటే మనకి చలికాలం కదప్పా, దాన్ని జరమంటే ఎట్ల?" అన్నాడు. అన్నాడే గాని, ఆ రోజు తోటలో కనిపించిన ప్రతివాడికీ సముద్రానికి జ్వరమొచ్చిందని చెప్పుకుంటూ తిరిగాడు.

ఇప్పుడు జాతర కబురు. నువ్వు అడగలేదు గాని, పెద్ద ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి రాయక తప్పదు.

పోయిన మంగళవారం మన ఊళ్ళో మారెమ్మ జాతర. ఇంటికొక తంబిట్టు దీపం కదా. బియ్యప్పిండి, బెల్లం కలిపి అమ్మే పిసికింది. నడుమ గుంట చేసి నెయ్యి పోసి వత్తి వేసింది. మొయ్యడం దగ్గర వచ్చింది చిక్కు. ఇంటి కోడలు మొయ్యాలి, కోడలు ఊళ్ళో లేకపోతే అత్త మొయ్యాలి. అత్తకూ చేతకాకపోతే ఆ ఇంటి మనిషే, మగవాడైనా సరే, తడిబట్టలతో మొయ్యాలి గాని పక్కింటివాళ్ళ నెత్తికి ఎత్తకూడదు. మన ఊళ్ళో మగవాడు దీపం మోయడం నేను పుట్టాక చూడలేదు. నాన్న నా వైపు చూసి, వెంటనే ఆవుల వైపు చూశాడు. అమ్మ చుట్టకుదురు తెచ్చి నా నెత్తిన పెట్టింది.

నువ్వు ఉంటే నవ్వి నవ్వి కిందపడేదానివి. ఆడవాళ్ళ వరసలో నేనొక్కణ్ణి, తడి పంచె, నెత్తిన పళ్ళెం, పళ్ళెంలో దీపం. కరిగిన నెయ్యి చెవి మీదికి కారుతోంది. నా వెనక పూలమ్మే అంగాళమ్మవ్వ. పళ్ళెం ఒరిగితే పట్టుకోవడానికని ఆమెను అమ్మే అక్కడ నిలబెట్టింది. అమ్మ కుంటుకుంటూ పక్కన నడుస్తోంది. నాలుగడుగులు వేశామో లేదో అంగాళమ్మవ్వ మొదలుపెట్టింది.

"ఏమప్పా తిలకూ, పెండ్లాము యాడుండాది? దీపం నీ నెత్తికెక్కె."

"సముద్రం మింద ఉండాది అవ్వా."

"ఆడ దానికేం పని? చేపలు పట్టేదా?"

"కాదవ్వా. సముద్రం కాగతా ఉండాది. ఎంత కాగింది, ఏల కాగింది అని చూసే పని."

"సముద్రం కాగేదేందప్పా? దాని కింద పొయ్యి పెట్టినోళ్ళెవరు?"

వరసంతా నవ్వింది. నేను నోరు మూసుకుని నడవాల్సింది. అప్పుడే గాలి నిలిచిపోయింది. అంతమంది దీపాల వేడి, మధ్యాహ్నపు ఎండ, మనుషుల ఉక్క అంతా ఒక్కసారి మొహం మీదికి వచ్చింది. నాకేమైందో తెలియదు, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అవ్వా, ఇప్పుడు గాలి నిలిచిపాయ కద. నీకెట్లుండాది?"

"ఉడికిపోతా ఉండాను."

"ఇందాక గాలి తోలినప్పుడు?"

"అప్పుడు చెమట ఆరి చల్లగుండె."

"సముద్రానికీ అంతే. ఆడ ఎప్పుడూ ఒక దిక్కు నించే గాలి తోల్తా ఉంటాది. ఆ గాలికి నీళ్ళు ఆవిరైపోతా ఉంటే పైన చల్లబడతాది. గాలి తగ్గిన ఏడు వేడి ఆడనే నిలిచిపోతాది. మా తోటలో సిమెంటు తొట్టి చూసినావు కద. ఎండకి పైన నీళ్ళు వెచ్చగుంటాయి, చెయ్యి లోపలికి పెడితే చల్లగుంటాయి. చేత్తో కలబెడితే అంతా ఒకటైపోతాది. ఆడ సముద్రాన్ని కలబెట్టే చెయ్యి గాలే."

"ఎండ ఎప్పుడూ ఉండేదే కదప్పా. మా యమ్మ కాలంలో లేని ఎండా ఇది?"

"ఎండ అదే. నీడ తగ్గింది. ఆడ ఎడారి ఉండాది. ఆ దుమ్ము లేచి సముద్రం మింద పందిరి మాదిరి పరుచుకుంటాది. గాలి తగ్గితే దుమ్మూ తగ్గతాది. ఓడల పొగ కూడా మబ్బుల్ని తెల్లగా చేసి కొంచెం నీడనిస్తా ఉండె. ఓడలకి మంచి నూనె పొయ్యాలని రూలొచ్చె, పొగ తగ్గె, ఆ నీడా తగ్గె. అది ఎంతవరకు కారణమని చదువుకున్నోళ్ళే ఇంకా వాదులాడుకుంటా ఉండారు."

"పొగ పోతే మంచిదే కద."

"మంచిదే. ఊపిరికి మంచిది. ఆ నీడ పోయినాకనే అసలు వేడి ఎంతుందో బయటపడింది. అది మనదే అవ్వా. బస్సులు, ఫ్యాక్టరీలు, నేను పని చేసే కొలిమి, అన్నిటి పొగా భూమికి కంబళి కప్పినట్ల కమ్ముకుంటా ఉండాది. లోపలి వేడి బయటికి పోను దారి లేదు. ఆ వేడిలో నూటికి తొంభై పాళ్ళు సముద్రమే మింగతాది. ఇవన్నీ ఒకే ఏడు కలిసొస్తే తుఫానుకి పండగే."

అంగాళమ్మవ్వ నా నెత్తిన పళ్ళెం సరిచేసింది. గుడి దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిగా, "అంటే కంబళి కప్పుకోనుండే మనిషికి పందిరి పీకేసి, ఇసనకర్ర కూడా ఆపేస్తిరి. పాపం కద" అంది. మళ్ళీ, "మన జిల్లా ఊత్తంగరైలో బండ్లన్నీ కొట్టుకపోయిన వాన కూడా ఇట్లాంటిదేనా?" అని అడిగింది. ఆ వాన వచ్చింది మన పక్క సముద్రం నుంచని, అది కూడా కాగుతూనే ఉందని చెప్పాను. ఆమె తలూపి, నా చెవి మీద కారిన నెయ్యి కొంగుతో తుడిచింది.

అది మంగళవారం. గురువారం నీ ఉత్తరం వచ్చింది. నీకు చెప్పడం చేతకాదు కాబట్టి వచ్చేస్తానన్న ఉత్తరం.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను పవిత్రా. 'వచ్చేస్తాను' అన్నచోటికి వచ్చేసరికి జిరాక్స్ షాపు మెట్ల మీద కూర్చుండిపోయాను. ముందు వెనక చూడలేదు. ఇంటికొచ్చి నీ దుప్పట్లు ఉతికి ఆరేశాను. కందిరీగల గూడు పీకించడానికి మనిషిని పిలిచాను, అతనింకా రాలేదు. ఓనరమ్మకు నేనే ఎదురెళ్ళి మేడమ్ వచ్చేస్తున్నారని చెప్పాను. ఆ పూట అన్నం మిగల్లేదు, రెండు గ్లాసులూ నేనే తిన్నాను. శనివారం ఊరికి పోయి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద నిలబడి అమ్మకూ నాన్నకూ చదివి వినిపించాను.

నాన్న, "ఎన్ని డిగ్రీలని రాసింది?" అన్నాడు. ఈసారి రాయలేదన్నాను. నాన్నకు అది నచ్చలేదు.

అమ్మ కాయలు తుడుస్తూ అంతా విన్నది. సంతోషపడుతుందనుకున్నాను. చేతిలో కాయ గంపలో పెట్టి, "ఆ ముక్క మళ్ళీ చదువు" అంది. చదివాను.

"తిలకప్పా, మొన్న జాతరలో అంగాళమ్మకి ఏం చెప్తివి?"

"ఏదో చెప్పినాను."

"ఏదో కాదు. గాలి, దుమ్ము, ఓడల పొగ, కంబళి, అంతా చెప్తివి. పక్కనే ఉండాను కద, నాకే అర్థమాయ. మరి ఆ బిడ్డకి, గాలి తగ్గితే సముద్రం ఎట్ల కాగతాది, నాకు తెలీలేదని మళ్ళీ మళ్ళీ ఏల రాస్తివి?"

నేను వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టాను.

"నీకు తెలీలేదని అది పని ఇడిసిపెట్టి వస్తా ఉండాది. నీకు తెలుసు. ఇప్పుడేం చేస్తావు?"

"వస్తే మంచిదే కదమ్మా."

"మంచిదే. నాకూ దాన్ని చూడాలనుండాది. అయితే నిజం తెలీకుండా వచ్చేది వేరే, తెలిసి వచ్చేది వేరే. నువ్వు రాయి. నువ్వు రాయకుంటే నేను అంగాళమ్మ చేతనైనా చెప్పిస్తాను."

అందుకే ఈ ఉత్తరం. నేను చెప్పాల్సింది ఇది. గాలి సంగతి నువ్వు రాసిన మొదటి ఉత్తరంతోనే నాకు అర్థమైంది. మా దగ్గర ఎర్రగా కాలిన గేర్లను ముంచే నూనె తొట్టి ఉంది. నూనెను తిప్పే రెక్క ఆగితే పైపైన నూనె ఎలా కాగిపోతుందో నేను రోజూ చూస్తాను. నీ సముద్రాన్ని అర్థం చేసుకోవడానికి నాకు పెద్ద కష్టమేమీ కాలేదు. అయినా అర్థం కాలేదని రాశాను. నువ్వు మళ్ళీ రాశావు. దుమ్ము అక్కడిదాకా ఎలా ఎగురుతుందన్నాను. పొగ పోతే వేడెక్కడమేమిటి, నేను నమ్మనన్నాను. అన్నీ తెలిసే అడిగాను.

ఎందుకో చెబుతాను. నువ్వెలా ఉన్నావు అని అడిగితే, 'బాగున్నాను బావా' అని ఒక్క లైను రాస్తావు. సముద్రం గురించి అడిగితే అయిదు పేజీలు రాస్తావు. ఆ అయిదు పేజీల్లో నువ్వుంటావు. దుమ్ము గురించి రాస్తూ, ఓడ కమ్మీ మీద వేలు పెట్టి తుడిస్తే మన చేను మన్ను రంగు అంటిందని, దాన్ని వాసన చూసి అక్కడే కాసేపు కూర్చున్నానని రాశావు. గాలి గురించి రాస్తూ, గాలి పడిపోయిన రోజుల్లో నీ పచ్చ చుడీదార్ ఆరనే లేదని, తడిదే వేసుకుని పనికి పోయానని రాశావు. పొగ గురించి రాస్తూ, దూరంగా పోతున్న ఓడకు చెయ్యి ఊపితే అందులోంచి ఎవరూ ఊపలేదని రాశావు. నీ పేరు అక్కడ ఎవరికీ నోరు తిరగదని, ఏ పేరుతో పిలిచినా పలుకుతున్నానని అందులోనే ఒక మూల రాశావు. ఇవి నేను అడిగితే చెప్పేదానివి కాదు. అందుకని సముద్రాన్ని అడుగుతూ వచ్చాను. నా మొద్దుతనం నీ చదువు మీద అనుమానంగా మారుతుందని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఒక్క ప్రశ్న కూడా అడిగేవాణ్ణి కాదు.

కాబట్టి నీకు చెప్పడం చేతకాదన్న మాట అబద్ధం. నువ్వు రాసిన మాటలు నా నోట పడి, నెత్తిన దీపం మోస్తూ తడబడుతూ చెబితేనే అంగాళమ్మవ్వకు అర్థమయ్యాయి. బడి మొహం చూడని మనిషి, సముద్రం చూడని మనిషి, పాపం కదా అంది. నువ్వే ఎదురుగా కూర్చుని చెబితే ఆ జాలర్లకు అర్థం కాకపోవడమేమిటి? వాళ్ళలో ఒకడు ఒకరోజు పడవ ఒడ్డునే ఆపుకున్నా చాలదా? ఆ కారణం పెట్టుకుని మాత్రం నువ్వు రాకూడదు. శుక్రవారం అవునని చెప్పు. రెండేళ్ళంటే నాకు భయంగానే ఉంది, అయినా చెప్పు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. పొద్దున ఊరి నుంచి బయల్దేరుతుంటే అమ్మ వేప్పనపల్లి బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలేముందు కిటికీ దగ్గర నిలబడి ఇంకో మాట అంది.

"అది నా తమ్ముడి కూతురప్పా. ఎత్తుకోని పెంచినాను. నీకు అర్థం కాలేదంటే అది నమ్మిందనుకుంటివా?"

బస్సు కదిలిపోయింది. కృష్ణగిరిలో దిగి హోసూరు బస్సెక్కి, దారి పొడవునా నీ పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. ప్రతిదాని చివరా ఒకటే మాట ఉంది. 'అర్థం కాకపోతే మళ్ళీ అడుగు బావా.' దుమ్ము సంగతి తెలిసిపోయిందని నేను పొరపాటున ఒప్పుకున్న తర్వాత వచ్చిన ఉత్తరం ఒక్క పేజీ ఉంది, అందులో ఈ మాట లేదు. శూలగిరి దాటేసరికి నాకు ఒక అనుమానం పట్టుకుంది. నువ్వు కూడా నాలాగే సముద్రాన్ని అడ్డం పెట్టుకుంటున్నావేమో. చేతకాదు అన్నది సాకేనేమో. వచ్చెయ్యమని నా చేత అనిపించుకోవాలని రాశావేమో. కాదేమో కూడా. బస్టాండులో దిగి ఆ బల్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఇది మాత్రం నాకు నిజంగానే అర్థం కాలేదు.

అందుకని ఈసారి సముద్రం గురించి ఏమీ అడగను. నా సంగతి ముందు నేనే చెబుతాను. ఈ ఉత్తరం మొదట్లో అందరం బాగున్నాం అని రాశాను చూడు, అందులో అమ్మా నాన్నా నిజం, తోట నిజం, ఆవులూ కుక్కా నిజం. నన్ను మాత్రం అందులోంచి తీసేసి చదువుకో. నువ్వు లేక నాకు బాగలేదు. ఇది చెప్పకుండా నిన్ను ఉండమనడం కూడా ఇంకో అబద్ధమవుతుందని రాశాను గాని, దీన్ని చూసి రమ్మని కాదు.

ఉండాలని ఉంటే ఉండు. రావాలని ఉంటే రా. దేనికీ కారణం రాయక్కర్లేదు, అయిదు పేజీలు అసలే వద్దు. ఉంటాను బావా అనో, వస్తాను బావా అనో ఒక్క లైను రాయి. అదే అచ్చు తీయించుకుని జేబులో పెట్టుకుంటాను.

ఇట్లు,
నిన్ను ఇంకేమీ అడగని
నీ బావ,
తిలక్.